మా వీధిలో బళ్ల జోరు తగ్గాలంటే రోడ్డు మీద పెద్ద ముగ్గు వేయిస్తే పనిచేస్తుందా? (విజయనగరం)

ముగ్గుపిండి | జనవరి 20, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది రింగ్ రోడ్డు నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు వైపు వెళ్లే అడ్డదారి మీద కాలనీ. రెండేళ్ల కిందట మా వీధికి సిమెంటు రోడ్డు పడింది. ఎన్నాళ్లో తిరిగి తెచ్చుకున్న రోడ్డు కాబట్టి ఆ రోజు అందరం సంబరపడ్డాం. గతుకులు ఉన్నన్నాళ్లు మెల్లగా వెళ్లిన బళ్లు ఇప్పుడు దూసుకుపోతున్నాయి. పొద్దున్న స్కూలు టైములోనూ, సాయంత్రం ఆరు దాటాకా పిల్లల్ని గేటు దాటనివ్వాలంటే టెన్షన్.

డిసెంబరులో మా మావయ్య గారు పాలు తెస్తుంటే, వీధి మలుపులో ఒక బైకు ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది. చేతిలో ప్యాకెట్టు పడి పగిలింది, పాలు రోడ్డు మధ్య దాకా పారాయి. నేను పరుగెత్తుకెళ్లి ఆయన్ని అరుగు మీద కూర్చోబెడుతుంటే వెనక ఇంకో రెండు బళ్లు వచ్చాయి. రెండూ ఆ తెల్లటి మడుగు చూసి బ్రేకు వేసి, పక్కనుంచి నెమ్మదిగా వెళ్లాయి. అప్పుడు దాని గురించి ఆలోచించే స్థితిలో లేను.

తర్వాత ధనుర్మాసం ముగ్గులు మొదలయ్యాయి. మా వీధిలో ఆడవాళ్లు పోటీ పడి వేస్తారు. భోగి నుంచి ముక్కనుమ దాకా ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డంతా రంగులే. ఆ నాలుగు రోజులూ గమనించాను. ఎప్పుడూ దూసుకెళ్లే కుర్రాళ్లే గేరు తగ్గించి, ముగ్గు చెడకుండా పక్కకి తిప్పుకుని వెళ్లారు. కనుమ నాడు రథం ముగ్గు తాడు వీధి పొడుగునా గీశాం. ఒకతను బండి దిగి తోసుకుంటూ దాటాడు. పండగ వెళ్లి వారం కాలేదు, ముగ్గులు చెరిగిపోయాయి, జోరు మళ్లీ మామూలే.

చెరిగిపోని రంగుతో మలుపులో పెద్ద బొమ్మ వేయిస్తే ఆ నెమ్మది ఏడాదంతా ఉంటుందా? ఎక్కడైనా చేశారా? ఎవర్ని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి గట్టు | జనవరి 20, రాత్రి 10.15

మాది శ్రీకాకుళం. అక్కా, మా వీధిలోనూ ఇదే బాధ. పోయినేడు విసిగిపోయి మేమే ఒక ఇల్లు పగలగొట్టిన రాళ్లూ సిమెంటూ కలిపి బ్రేకరు వేసేశాం. నిటారుగా లేచింది. నెల తిరక్కుండా మా వీధి ఆవిడే స్కూటీ వెనకాల కూర్చుని ఎగిరిపడ్డారు, నడుం పట్టేసి మూడు వారాలు మంచం మీద ఉన్నారు. మేం వేసినదాన్ని మేమే గునపాలతో తవ్వేశాం. ఆవిడ ముఖం చూడాలంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. మీరు బ్రేకరు జోలికి పోకుండా ఇంకో దారి అడుగుతున్నందుకు సంతోషం.

తారురోడ్డు | జనవరి 21, ఉదయం 6.30

అమ్మా, నేను రోడ్ల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు నాగావళి గట్టు గారికి ఒక మాట. బ్రేకరు చెడ్డది కాదండి, లెక్క తప్పిన బ్రేకరు చెడ్డది. రోడ్లకి కొలతలూ ప్రమాణాలూ రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ చెప్పిన గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. బండి గంటకు 25 కిలోమీటర్ల జోరులో ఉంటే దాని మీద హాయిగా ఎక్కి దిగాలి. మనవాళ్లు అదే ఎత్తుని అడుగు వెడల్పులో పోస్తారు. నడుములు విరిగేది అందుకే.

ఇక బొమ్మ సంగతి. బండి నడిపేవాడు బోర్డు చదివి జోరు తగ్గించడు. రోడ్డు ఎంత వెడల్పుగా, ఎంత తిన్నగా, ఎంత ఖాళీగా కనబడితే అంత తొక్కుతాడు. మీ సిమెంటు రోడ్డు అలాంటిదే. అందులోనూ మలుపు ముఖ్యం. మూల ఎంత విశాలంగా గుండ్రంగా ఉంటే బండి అంత జోరు మీద తిరిగిపోతుంది. ఆ మూలని బిగిస్తే కాలు బ్రేకు మీదికి వెళ్లక తప్పదు. అందుకని మీ బొమ్మ రోడ్డు మధ్యలో అందానికి కాకుండా, మూలల్లో రోడ్డుని ఇరుకు చేసేలా వెయ్యాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఇంటి గేటుకి వేసే ఎనామిల్ పెయింటు రోడ్డు మీద వెయ్యకండి. నున్నగా గాజులా అవుతుంది. మొదటి వానకే టూవీలర్లు జారతాయి. రోడ్డు మార్కింగు పెయింటు వేరే దొరుకుతుంది. దాంట్లో సన్నటి ఇసక కలిపి గరుకు ఉంచాలి.

బొబ్బిలి టు పోర్ట్‌లాండ్ | జనవరి 21, ఉదయం 8.05

ఎక్కడైనా చేశారా అని అడిగారు కదండీ. నేను ఉండే ఊళ్లోనే మొదలైంది. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్. ఇక్కడ సెల్‌వుడ్ అనే పాత నివాస ప్రాంతంలో 1996లో జనం తమ నాలుగు వీధుల కూడలి మొత్తానికి రంగులు వేసుకున్నారు. దాని పేరు షేర్-ఇట్ స్క్వేర్. బొమ్మతో ఆగలేదు. మూలల్లో టీ పెట్టుకునే చిన్న అర, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే అర, పిల్లలు ఆడుకునే గుడిసె, నోటీసు బోర్డు పెట్టారు. మొదట నగరం వాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత వాళ్లే ఇలా వేసుకోవడానికి చట్టంలో దారి ఇచ్చారు. దీన్ని నడిపించిన సిటీ రిపేర్ అనే సంస్థ ఇప్పటికీ ఉంది. 2001లో ఇంకో కూడలిలో పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు వేశారు.

ఒకసారి వీళ్లు మళ్లీ రంగు వేస్తుంటే చూడ్డానికి వెళ్లాను. మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర సుద్ద పట్టుకుని ఒక ముసలాయన గుండ్రంగా నడుస్తున్నాడు. మా అమ్మ రథం ముగ్గుకి చక్రం గీసే పద్ధతి అదే. నాకు అక్కడే కళ్లు చెమర్చాయి.

ఇక పనిచేస్తుందా అంటే, 2022లో బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రోపీస్ అనే దాతృత్వ సంస్థ వాళ్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. అమెరికాలో రోడ్డు మీద బొమ్మలు వేసిన 17 చోట్ల ముందూ తర్వాతా ప్రమాదాల లెక్క చూశారు. పాదచారులకీ సైకిలు వాళ్లకీ తగిలిన ప్రమాదాలు 50 శాతం తగ్గాయి. గాయాలైన ప్రమాదాలు 37 శాతం, మొత్తం ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. ఇంకో 5 చోట్ల వీడియో పెట్టి చూస్తే, నడిచేవాళ్లకి దారి ఇచ్చే డ్రైవర్లు 27 శాతం పెరిగారు.

పెద్దచెరువు | జనవరి 21, ఉదయం 11.20

నాకు ఆశ లేదని కాదు గానీ, అమెరికా లెక్క మన వీధికి అతకదండి. అక్కడ గీత దాటితే ఫైన్ పడుతుంది. మన దగ్గర డివైడరే దాటేస్తారు. రంగు మీద బైకు ఎక్కించరని ఏమిటి నమ్మకం? మా వీధిలో కాలువ మూతలు లేవు, రాత్రి లైట్లు వెలగవు. ఉన్న డబ్బు ముందు వాటికి పెట్టాలి. రంగు వెలిసిపోయాక ఆ మసక మరక ఎవరు తుడుస్తారు? దీని మీద కూడా ఆలోచించండి.

బొబ్బిలి టు పోర్ట్‌లాండ్ | జనవరి 21, ఉదయం 11.50

మీరన్నది నిజమే. ఆ లెక్క ఇక్కడి రోడ్లది. మన దగ్గర అంతే తగ్గుతుందని నేనూ చెప్పలేను. ఇక్కడ కూడా రంగు ప్రతి ఏడాదో రెండేళ్లకో వెలిసిపోతుంది. మళ్లీ వేస్తారు. నేను గమనించింది ఏమిటంటే, మళ్లీ వెయ్యడానికి వీధిలో వాళ్లు బయటికి వచ్చే కూడలులే బాగున్నాయి.

ఆటోస్టాండు | జనవరి 21, మధ్యాహ్నం 2.10

అమ్మా, నేను స్కూలు పిల్లల ఆటో నడుపుతాను. ఆ అడ్డదారిలో రోజుకి ఆరుసార్లు తిరుగుతాను, మీ మలుపు నాకు బాగా తెలుసు. ఇంజనీరు గారు మూల బిగించమంటున్నారు. బిగించండి, నాకూ మంచిదే. ఎదర నుంచి కుర్రాళ్లు కోసుకుంటూ వస్తే ముందు టెన్షన్ పడేది నేనే. నా వెనకాల పిల్లలుంటారు. కానీ ఆటోకి ముందు ఒకటే చక్రం, వెనక రెండు. మలుపు మరీ ఇరుకైతే లోపలి వెనక చక్రం మీరు పెట్టినదాని మీదికి ఎక్కుతుంది. చెత్త బండీ, నీళ్ల ట్యాంకరూ అసలు తిరగవు. గీసే ముందు వాటిని ఒకసారి తిప్పి చూడండి. ఇంకో మాట, రాత్రిపూట కనబడకపోతే ఏ బొమ్మ వేసినా వేసినట్టు కాదు.

నర్సమ్మ | జనవరి 21, రాత్రి 8.45

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. క్యాజువాల్టీలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. హైవే మీద దెబ్బలు పెద్దవి అనుకుంటారు గానీ, ఇంటి ముందు తగిలిన దెబ్బలు ఎన్ని వస్తాయో చూస్తే మీకు నిద్ర పట్టదు. మజ్జిగ ప్యాకెట్టుకి వెళ్లిన పెద్దావిడ, బంతి కోసం పరుగెత్తిన గుంటడు. జోరు ఒక్కటే తేడా. సగటు జోరు ఒక్క శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనుషులూ బళ్లూ కలిసి తిరిగే చోట గంటకు 30 దాటకూడదన్నది 2020లో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటనలో ఉన్న మాట.

ఇంజనీరు గారూ, ఈ 30కీ 50కీ తేడా మా వాళ్లకి అర్థమయ్యేలా చెబుతారా? మా అబ్బాయికి కూడా చూపిస్తాను.

తారురోడ్డు | జనవరి 22, ఉదయం 6.15

తప్పకుండా చెబుతానమ్మా. పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడని కళ్లు చూశాక కాలు బ్రేకు మీద పడడానికి సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 30లో ఉన్న బండి ఆ సెకనులో 8 మీటర్లు వెళ్లిపోతుంది. 50లో అయితే 14 మీటర్లు, అదీ ఇంకా బ్రేకు పడకముందే. మన కాలనీల్లో ఒక ఇంటి గేటుకీ పక్కింటి గేటుకీ మధ్య దూరం చూసుకోండి, తెలుస్తుంది.

ముగ్గుపిండి గారూ, మీ వీధిలో జోరు ఎంతో మీరే కొలవచ్చు. టేపుతో 25 మీటర్లు కొలిచి రెండు చోట్లా ముగ్గుపిండితో గీత గియ్యండి. ముందు చక్రం మొదటి గీత తాకగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గీత తాకగానే ఆపండి. 3 సెకన్లు పడితే గంటకు 30. 2 సెకన్లయితే 45. కాగితం మీద రాసుకోండి. అర్జీతో పాటు ఆ కాగితం పెడితే ఆఫీసులో వినే తీరు మారుతుంది.

కిటికీ సీటు | జనవరి 22, ఉదయం 9.00

త్రీడీ జీబ్రా క్రాసింగులు వేయించొచ్చుగా? ఫోన్లో చూశాను, దిమ్మలు గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. బండి ఆగి తీరుతుంది.

తారురోడ్డు | జనవరి 22, ఉదయం 9.40

అది మన దేశంలో చేసిందే. అహ్మదాబాద్‌లో సౌమ్యా పాండ్యా ఠక్కర్, శకుంతలా పాండ్యా అని తల్లీకూతుళ్లు వేసినవి 2016లో దేశమంతా తెలిశాయి. ఢిల్లీలో అలాంటివి చూసి ఐస్‌లాండ్‌లో ఇసాఫ్యోర్దుర్ అనే చిన్న ఊళ్లో 2017లో వేసుకున్నారు. చిత్రకళగా నాకు ఎంతో ఇష్టం. మీ వీధికి మాత్రం వద్దంటాను. ఆ భ్రమ ఒకే వైపు నుంచి, ఒకే దూరం నుంచి కుదురుతుంది. కొత్తవాడు నిజం దిమ్మె అనుకుని సడన్ బ్రేకు వేస్తే వెనకవాడు గుద్దుతాడు. రోజూ వెళ్లేవాడికి అది రంగేనని వారంలో తెలిసిపోతుంది. మీ వీధిలో తిరిగేవాళ్లు ఎక్కువ మంది రోజూ వెళ్లేవాళ్లే.

తెల్లకర్ర | జనవరి 22, సాయంత్రం 5.30

నాకు చూపు చాలా తక్కువ. వెలుతురు, చీకటి, బాగా తేడా ఉన్న రంగులు తెలుస్తాయి. మీరు వేయబోయే బొమ్మ గురించి నా మాట కూడా లెక్కలో వేసుకోండి. నేను జీబ్రా దాటేది నలుపు మీద తెల్ల చారల తేడా పట్టుకుని. దాని చుట్టూ, దాని లోపల పది రంగులు కలిపేస్తే నాకు అంతా ఒకటే ముద్ద. మెట్టు ఉందో గుంట ఉందో అన్నట్టు కాలు ఆగిపోతుంది. నడిచే దారి, దాటే దారి సాదాగా వదిలి బొమ్మని పక్కన వేసుకోండి. మూలల్లో తొట్లు పెడితే గోడకీ తొట్టికీ మధ్య నేను కర్ర తిప్పుకుంటూ వెళ్లేంత చోటు ఉంచండి. అలా చేస్తే మీ మలుపు నాకు ఇప్పటికంటే మేలు అవుతుంది, ఎందుకంటే దాటాల్సిన దూరం తగ్గుతుంది.

ముగ్గుపిండి | జనవరి 22, రాత్రి 9.10

తెల్లకర్ర గారూ, ఇది నాకు తట్టనే లేదు. చాలా థాంక్సండి. జీబ్రా చారల్లో రంగు వెయ్యం, ఇది ఖాయం.

ఇవాళ సాయంత్రం నేనూ మా ఆడపడుచూ గీతలు గీసి కొలిచాం. గంటసేపు. మొదట్లో నొక్కడం ఆలస్యమైపోయి అంకెలు తప్పాయి, తర్వాత చెయ్యి కుదిరింది. ఎక్కువ బళ్లు రెండు సెకన్ల దగ్గరే ఉన్నాయి, కొన్ని అంతకంటే తక్కువలో వెళ్లాయి. ఒక బండి అంకె చూసి తలెత్తితే, అది మా పక్కింటి అబ్బాయిది. మా పిల్లల్ని అన్నలా ఎత్తుకు తిరిగేవాడు. పిలిచి కాగితం చూపించాను. చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత తనే ఫోను తీసుకుని నా పక్కన నిలబడి మిగతావి కొలిచాడు.

డ్రాయింగు మాస్టారు | జనవరి 23, ఉదయం 7.20

బొమ్మ ఏం వెయ్యాలో నేను చెబుతాను. దేవుడి బొమ్మ వద్దు, ఓం వద్దు, అక్షరాలు వద్దు, జెండా వద్దు. మనవాళ్లు కాగితం ముక్క కాలికి తగిలితేనే కళ్లకద్దుకుంటారు. వాటి మీద చక్రం ఎక్కితే బాధపడేవాళ్లు ఉంటారు, గొడవ అవుతుంది, మంచి పని ఆగిపోతుంది. పద్మం కూడా ఆలోచించి వేసుకోండి, లక్ష్మి ఆసనం అనుకునేవాళ్లు ఉన్నారు. సవర గిరిజనులు వేసే బొమ్మలు బాగుంటాయని ఎవరో ఒకరు అంటారు. అవి వాళ్ల ఇళ్లలో గోడ మీద పెద్దల కోసం, పంట కోసం మొక్కుతో వేసుకునేవి. సీతంపేట వైపు వేసేవాళ్లు ఉన్నారు. వాళ్లని పిలిచి, డబ్బిచ్చి, రోడ్డు మీద ఏది వెయ్యొచ్చో ఏది కూడదో వాళ్ల చేతే చెప్పించుకుంటే తప్ప, మనం నకలు తియ్యకూడదు.

మీకు మెలికల ముగ్గు సరిగ్గా సరిపోతుంది. చుక్కల చుట్టూ తిరిగే గీత, ఎక్కడా తెగదు. దూరం నుంచి వచ్చేవాడి కంటికి అది కంచెలా అడ్డం కనబడుతుంది. సన్న గీతలు పనికిరావు, బండి మీద నుంచి అల్లిబిల్లిగా కనబడతాయి. జానెడు వెడల్పు గీత ఉండాలి. మూడే రంగులు వాడండి. తెలుపు, ఎర్రమన్ను రంగు, పసుపు. సిమెంటు బూడిద రంగు మీద ఆ మూడూ లేచి కనబడతాయి. నీలం, ఆకుపచ్చ పసుపు వెలుగు వీధి లైటు కింద నల్లగా కలిసిపోతాయి.

తారురోడ్డు | జనవరి 23, ఉదయం 8.00

మాస్టారు చెప్పిన తెలుపు గీత మూల చివరి అంచుకి వెయ్యండి. దాని మీద రోడ్డు మార్కింగు వాళ్లు చల్లే సన్నటి గాజు పూసలు తడిగా ఉండగానే చల్లించాలి. హెడ్‌లైటు పడితే ఆ వెలుగు తిరిగి డ్రైవరు కంటికే కొడుతుంది. ఆటో అన్న అడిగిన రాత్రి సంగతికి అదే మందు. పెద్దచెరువు గారు అన్నట్టు వీధి లైటు కోసం కూడా అదే అర్జీలో రాయండి, రెండూ ఒకే పని.

ఇంకొకటి. రంగు డబ్బా తెరవకముందు ముగ్గుపిండితో గీసి వారం చూడండి. ముంబై, న్యూయార్క్ లాంటి పెద్ద నగరాల్లో కూడా కూడలి మార్చే ముందు సుద్ద గీతలూ కోన్లూ పెట్టి చూసే పద్ధతి ఉంది. 2020లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ స్ట్రీట్స్ ఫర్ పీపుల్ అని నగరాలకి పోటీ పెట్టినప్పుడు చెప్పింది కూడా ఇదే. ముందు చవకగా వేసి చూడు, పనిచేస్తే పక్కాగా కట్టు.

ముగ్గుపిండి | ఫిబ్రవరి 2, రాత్రి 10.05

పది రోజులు కనబడనందుకు ఏమనుకోకండి, చెయ్యడంలో ఉన్నాం. వివరంగా రాస్తాను.

ముందు వార్డు సచివాలయంలో అడిగాం. ముగ్గుపిండితో గీసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. పెయింటుకి మాత్రం కమిషనర్ గారికి అర్జీ, ట్రాఫిక్ పోలీసుల మాట రెండూ కావాలన్నారు.

జనవరి 25 ఆదివారం పొద్దున్న అయిదింటికి లేచాం. మలుపు రెండు మూలల్లోనూ, ఒక్కోచోట పెద్ద జామచెక్క ఆకారంలో గీసి లోపల మెలికల ముగ్గు నింపాం. పదకొండు మంది ఆడవాళ్లం, పిల్లలు అదనం. మా అత్తయ్య గారు ఎనభైకి దగ్గర్లో ఉన్నారు, వంగలేరు. కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తూ చుక్కలు లెక్క పెట్టారు. తిన్నగా ఉన్న భాగంలో కూడా, మా ఇంటి ముందు, రోడ్డు అడ్డంగా ఒక పట్టీ వేశాం.

ఆ రోజు అద్భుతం. పండగ రోజుల్లాగే అందరూ తగ్గారు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి తిన్నని భాగంలో ఉన్న పట్టీ మీంచి బైకులు నేరుగా వెళ్లిపోవడం మొదలైంది. అయిదో రోజుకి అక్కడ మళ్లీ రెండు సెకన్లే. పెద్దచెరువు గారు చెప్పిందే జరిగింది. మూలల్లో మాత్రం కొంత నిలబడింది గానీ, అక్కడ కూడా ఒకరు ముగ్గు మీదికి ఎక్కించి కోసుకెళ్తే వెనక నలుగురు అదే దారి పట్టారు. ఆ చక్రాల చార ముగ్గు మధ్యలోంచి బూడిద రంగులో కనబడుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు మా పక్కింటి అబ్బాయి ఒక మాట అన్నాడు. కాలనీ చివర నుయ్యి పూడ్చేసినప్పుడు మిగిలిన సిమెంటు వరలు నాలుగు ఖాళీ స్థలంలో పడి ఉన్నాయి. వాళ్లు ఆరుగురు కుర్రాళ్లు కలిసి వాటిని దొర్లించుకొచ్చారు. మూలకి రెండు చొప్పున, ముగ్గు అంచుకి అడుగు లోపలికి పెట్టి, మట్టి పోసి, క్రోటన్ మొక్కలు నాటాం. వరలకి తెల్ల సున్నం వేసి, ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు చుట్టూ అంటించాం.

ఇవాళ్టికి నాలుగో రోజు. ముగ్గు మీదికి ఎవరూ ఎక్కించడం లేదు, ఎక్కించే వీలు లేదు. మలుపు తిరిగే బళ్లకి మూడు సెకన్లు, మూడున్నర కూడా పడుతోంది. మలుపు దాటి మా ఇంటి దాకా అదే నెమ్మది సాగుతోంది. మావయ్య గారు నిన్న ఒక్కరే పాలకి వెళ్లొచ్చారు.

పెద్దచెరువు | ఫిబ్రవరి 2, రాత్రి 10.30

అమ్మా, చాలా సంతోషం. వరలు పెట్టాక కుదిరిందంటే రంగు ఎందుకు మరి? వరలే ఉంచుకోవచ్చు కదా. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను.

ముగ్గుపిండి | ఫిబ్రవరి 2, రాత్రి 10.50

నేనూ అదే అనుకున్నానండి. మా అత్తయ్య గారు జవాబు చెప్పారు. ఉత్త వర పెడితే రోడ్డుకి అడ్డం పెట్టారంటారు, రాత్రికి రాత్రి ఎవరో పక్కకి దొర్లించేస్తారు. దాని చుట్టూ ముగ్గు ఉంటే ఎవరో పెట్టుకున్నదని తెలుస్తుంది. ఇంకో సంగతి నేను చూసింది. రంగు దూరం నుంచి కనబడి ముందే బ్రేకు వేయిస్తోంది. వర ఒక్కటే ఉంటే దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి తిప్పుతున్నారు. ఆ తేడా మొన్న ముగ్గు సగం చెరిగిన రోజు బాగా తెలిసింది.

తారురోడ్డు | ఫిబ్రవరి 3, ఉదయం 6.20

మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు. అర్జీలో వరల సంగతి దాచకుండా రాయండి. రోడ్డులోకి ఎంత వచ్చాయి, మిగిలిన దారి వెడల్పు ఎంత, కొలతలతో బొమ్మ గీసి పెట్టండి. ఎవరికైనా తగిలితే మాట మీ మీదికి రాకూడదు. తిన్నని భాగానికి రంగు మీద ఆశ పెట్టుకోకండి, అక్కడికి లెక్క ప్రకారం 3.7 మీటర్ల హంపు అడగండి. అంబులెన్సు ఇబ్బంది లేకుండా వెళ్తుంది.

నర్సమ్మ | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1.15

మూడున్నర సెకన్లు అన్న మాట మా వార్డులో అందరికీ చదివి వినిపించాను.

నాగావళి గట్టు | ఫిబ్రవరి 3, రాత్రి 8.00

మా వీధిలో కూడా ఈ ఆదివారం ముగ్గుపిండితో మొదలెడుతున్నాం. నడుం పట్టేసిన ఆవిడని వెళ్లి అడిగాను, చుక్కలు తనే పెడతానన్నారు.

ముగ్గుపిండి | ఫిబ్రవరి 19, సాయంత్రం 6.40

అర్జీ ఇచ్చాం. కొలతల బొమ్మ, స్టాప్‌వాచ్ కాగితాలు జత చేశాం. ట్రాఫిక్ నుంచి ఒకాయన వచ్చి చూసి, కుడి మూల వరని రోడ్డుకి ఇంకొంచెం దూరం జరపమన్నారు, జరిపాం. రంగుకి నోటి మాటగా సరే అన్నారు, కాగితం ఈ వారం వస్తుందని చెప్పారు. అది చేతికొచ్చాకే డబ్బా మూత తీస్తాం. మార్చి 1 ఆదివారం అనుకుంటున్నాం. ముందురోజు రోడ్డు కడిగి ఆరబెట్టాలి. మాస్టారూ, తాడూ మేకూ పట్టుకుని మీరు రావాలి. తెల్లకర్ర గారూ, రంగు వెయ్యకముందు గోడ పక్క దారిలో మీరు ఒకసారి నడిచి చూస్తే మాకు ధైర్యం.

తెల్లకర్ర | ఫిబ్రవరి 19, రాత్రి 7.30

వస్తాను. మా చెల్లి తీసుకొస్తుంది.

డ్రాయింగు మాస్టారు | ఫిబ్రవరి 19, రాత్రి 8.10

అయిదింటికల్లా ఉంటాను. ఎండ ఎక్కకముందే గీతలు అయిపోవాలి. ఇసక జల్లించి ఉంచండి.

ఆటోస్టాండు | ఫిబ్రవరి 19, రాత్రి 9.25

అమ్మా, ఆ రోజు రంగు ఆరేదాకా బళ్లు రాకుండా నా ఆటో సందు మొదట్లో అడ్డంగా పెడతాను. ఇంకో చివరకి మా స్టాండులో ఒకతన్ని అడిగాను, ఒప్పుకున్నాడు. ఎడమ మూల దగ్గర మాత్రం మొక్క కొమ్మలు పెరిగి ఎదర వచ్చే బండి కనబడడం లేదు, నిన్న చూశాను. మోకాలు ఎత్తుకి కత్తిరించి ఉంచండి.